నాలుగేళ్ల బాబు రాత్రి 11 అయినా పడుకోవట్లేదు, సలహా చెప్పండి ప్లీజ్

నమస్తే అండి, మాది వైజాగ్ ఎంవీపీ కాలనీ, మా బాబు ఎల్‌కేజీ. స్కూల్ నుంచి వచ్చి అన్నం తిని మూడింటికి పడుకుంటే ఐదున్నర దాకా లేవడు, ఇక అక్కడ్నుంచి రాత్రి 11 వరకు సోఫా మీద నుంచి దివాన్ మీదకి, దివాన్ మీద నుంచి కిందకి ఒకటే దూకుడు, కింద ఫ్లాట్‌లో పెద్దావిడ ఉంటారు, పాపం ఆవిడకీ నిద్రుండట్లేదు. ఈ వయసుకి పగటి నిద్రతో కలిపి 10 నుంచి 13 గంటలు కావాలంటారు కదా, ఎలాగోలా పది అవుతోంది గానీ పొద్దున్న లేపితే ఒకటే ఏడుపు.

సాయంత్రం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే ఇసుకలో బాగానే ఆడతాడు, కానీ అల కనిపిస్తే చాలు చెయ్యి విదిలించుకుని పరిగెడతాడు, అక్కడ సముద్రం లోపలికి లాగేస్తుంది, మావారిది షిఫ్ట్ డ్యూటీ, ఒక్కదాన్నే తీసుకెళ్లాలంటే భయమేస్తోంది.

మధ్యాహ్నం నిద్ర మాన్పించొద్దని మా అత్తయ్యగారు అంటారు, నాకేమో గంటకి తగ్గిస్తే మంచిదనిపిస్తోంది. అలా తగ్గించినవాళ్లు ఎలా లేపారు, ఏడింటికే చిరాకుపడి అన్నం తినకుండా పడిపోతే ఏం చేశారు? అలాగే శివాజీ పార్క్ కాకుండా ఇటువైపు పిల్లలు పరిగెత్తి ఆడుకోడానికి కాంపౌండ్ ఉన్న చోటు ఏదైనా ఉంటే చెప్పండి.