సెప్టిక్ అంటే అందరికీ తెలుసు, మరి యాంటీసెప్టిక్‌ని ఏమందాం?

భీమిలి వైపు బడిలో పనిచేసే ఒక టీచరుగారు నిన్న మన గుంపులో ఓ ప్రశ్న పెట్టారు. బడిలోని ప్రథమ చికిత్స పెట్టెకీ, మరుగుదొడ్ల పక్కన ఉండే అలమరకీ తెలుగు చీటీలు అంటించాలట. గాయానికి పూసే మందుకీ నేల కడిగే మందుకీ "క్రిమినాశిని", "క్రిమిసంహారిణి" అనే మాటలే అటూ ఇటూ కనిపిస్తున్నాయి, దేనికి ఏది రాయాలి అని అడిగారు. జవాబిచ్చినవాళ్ళలో చాలామంది "రెండూ క్రిముల్ని చంపేవే కదండీ, ఏది రాసినా పరవాలేదు" అన్నారు. నాకు మాత్రం చాలా పరవా ఉందనిపిస్తోంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు క్రిమి సంగతి. సంస్కృతంలో కృమి అంటే పురుగు. ఇప్పటికీ పల్లెల్లో క్రిమిసంహారక మందు అంటే పొలంలో కొట్టే పురుగుల మందే. ఆ మాట ఉన్న సీసాలోంచి దూది తడిపి పిల్లవాడి మోకాలికి అద్దాలంటే ఏ తల్లయినా జంకుతుంది. ఆ జంకు సబబే.

ఇక సెప్టిక్. విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) ఓపీ దగ్గర నిలబడితే "సెప్టిక్ అయిపోయిందండి" అన్నమాట వినిపిస్తుంది, "పుండు సీము పట్టీసింది" అన్నదీ వినిపిస్తుంది. రెండిటికీ మనవాళ్ళు ఒకే అర్థం ఇచ్చుకున్నారు. కానీ సెప్టిక్ అన్న మాట గ్రీకు మూలానికి అర్థం కుళ్ళడం. యాంటీసెప్టిక్ అనే మాటను 1750లో జాన్ ప్రింగిల్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు వాడాడు. మాంసాన్ని కుళ్ళకుండా ఏయే పదార్థాలు ఆపుతాయో అతను పరీక్షిస్తున్నాడు. సూక్ష్మజీవుల వల్ల రోగాలొస్తాయని అప్పటికి ఇంకా రుజువు కాలేదు. ఆ పాత అర్థంలో చూస్తే మన ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలకు పట్టించే ఉప్పు కూడా యాంటీసెప్టిక్కే. ఉప్పు చేపలోని నీటిని లాగేస్తుంది, బ్యాక్టీరియా పెరగడానికి కావలసిన తడి దొరకనివ్వదు. అన్నిటినీ చంపిందని కాదు, పెరగనివ్వలేదని. ఆ మాట పుట్టుకలో సంహారం లేదు, అడ్డుకోవడం ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు. 1865లో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్ దగ్గరికి బండి చక్రం కింద పడి కాలు విరిగిన పదకొండేళ్ళ పిల్లవాడిని తెచ్చారు. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చింది. ఆ రోజుల్లో అలాంటి గాయానికి చీము పట్టి కాలు తీసేయడమో, ప్రాణం పోవడమో మామూలు. లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డతో కట్టు కట్టాడు. చీము పట్టలేదు, ఎముక అతుక్కుంది. అతనికి ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. కార్లైల్ అనే ఊళ్ళో మురుగునీటి కంపు పోవడానికి కార్బాలిక్ ఆమ్లం వాడుతున్నారని అతను తెలుసుకున్నాడు. మురుగులో పోసిన మందే గాయం మీదికొచ్చింది! ఆ ఆమ్లమే ఫినాల్. మనం నేల తుడిచే ఫినాయిల్ పేరుకీ దాని పేరుకీ చుట్టరికం ఉంది.

బ్లీచింగ్ కథా ఇలాంటిదే. వాన వెలిసాక మన కాలువల గట్ల మీద జల్లే తెల్లటి పొడి క్లోరిన్ పట్టించిన సున్నం. 1847లో వియన్నా ప్రసూతి ఆస్పత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు తోటి డాక్టర్ల చేతులు కడిగించింది ఆ జాతి ద్రావణంతోనే. బాలింతల మరణాలు బాగా పడిపోయాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో హెన్రీ డేకిన్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ జాతిదే అయిన సోడియం హైపోక్లోరైట్‌ను సుమారు 0.5 శాతం ద్రావణంగా చేసి దానితో సైనికుల గాయాలు కడిగించాడు. అదే హైపోక్లోరైట్ గాఢంగా ఉంటే చర్మాన్ని తినేస్తుంది.

అంటే పదార్థాన్ని బట్టి పేరు పెట్టలేం. ఎక్కడ వాడతాం, ఎంత నీళ్ళు కలుపుతాం అన్నదాన్ని బట్టి పేరు మారాలి. బతికున్న ఒంటి మీద వాడితే యాంటీసెప్టిక్, ప్రాణం లేని వస్తువు మీద వాడితే డిసిన్ఫెక్టెంట్. ఇంగ్లీషులో ఈ గీత ఉంది, మన చీటీల మీద చెరిగిపోతోంది.

ఈ గీత ఎందుకంత అవసరమో అవి పనిచేసే తీరులోనే ఉంది. పెన్సిలిన్ లాంటి యాంటీబయాటిక్ ఒక్క చోటే గురి పెడుతుంది. బ్యాక్టీరియా కణం చుట్టూ ఉండే గోడ కట్టనివ్వదు. మన కణాలకు ఆ గోడే లేదు కాబట్టి మనకు హాని తక్కువ. ఆల్కహాల్, ఫినాల్, క్లోరిన్ అలా కాదు. కణం చుట్టూ ఉన్న కొవ్వు పొరను చీల్చేస్తాయి. లోపలి ప్రోటీన్లను పాడుచేస్తాయి. ఆల్కహాల్ తగిలితే ప్రోటీన్ వేడికి గుడ్డు తెల్లసొన గట్టిపడ్డట్టు పేరుకుపోతుంది. క్లోరిన్ ఐతే దొరికినదాన్నల్లా ఆక్సీకరణ చేసేస్తుంది. ఆ కొవ్వులూ ప్రోటీన్లూ మన చర్మంలోనూ ఉన్నాయి. ఇది రోగక్రిమి, ఇది మనిషి కణం అని వాటికి తేడా తెలియదు. ఆ తేడా చూడాల్సింది వాడేవాళ్ళు, వాడేవాళ్ళకు చెప్పాల్సింది చీటీ.

2020లో, కరోనా రోజుల్లో ఏం జరిగిందో గుర్తుంది కదా. మనుషుల మీద హైపోక్లోరైట్ చల్లారు, టన్నెల్స్ పెట్టి జనాన్ని వాటిలోంచి నడిపించారు. కళ్ళూ చర్మమూ మండుతాయి, అలా చల్లొద్దు అని ఆ ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పాల్సి వచ్చింది. వస్తువుల మందు ఒంటికి పనికిరాదని చెప్పే మాట మనకు నాలుక మీద ఉండి ఉంటే కొందరైనా ముందే ఆగేవారని నా నమ్మకం.

నా సూచన ఇది: గాయానికి పూసేదాన్ని "చీము నిరోధకం" అందాం. నేలకీ సామాన్లకీ వాడేదాన్ని "వస్తుశుద్ధి మందు" అందాం. మీరేమంటారు?

స్పందన (విజయనగరం నుంచి, తెలుగు పంతులు):
చీము నిరోధకం బాగుందండి, వినగానే తెలుస్తోంది. శుద్ధి దగ్గరే నాకు అభ్యంతరం. పురిటి శుద్ధి, మైల శుద్ధి అని మనకు వేరే లోకం ఉంది. పసుపునీళ్ళు జల్లితే శుద్ధి అయిపోయిందనుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ మాటతో సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ తట్టదు.

స్పందన (గాజువాక నుంచి, మందుల షాపు నడుపుతున్నాను):
మాస్టారితో ఏకీభవిస్తాను. ఇంకో సంగతి. సర్జికల్ స్పిరిట్ కొనేవాళ్ళు "కలపనిది ఇవ్వండమ్మా, ఘాటుగా ఉండాలి" అంటారు. నీళ్ళు అసలు లేని ఆల్కహాల్ కంటే 70 శాతంది బాగా పనిచేస్తుందని చెబితే నమ్మరు. ప్రోటీన్ చెడిపోవాలంటే నీళ్ళు కూడా ఉండాలి, పైగా నీళ్ళు కలిసింది అంత తొందరగా ఆవిరైపోదు. ఇంకోటి, డెట్టాల్ లాంటిది ఒకే సీసా. గాయానికీ వాడతారు, ఇల్లు తుడవడానికీ వాడతారు. దానికి మీ రెండు పేర్లలో ఏది పెడతారు?

నా జవాబు:
మేడమ్, మంచి ప్రశ్న. పేరు సీసాకి కాదు, కలిపిన నీళ్ళకి పెట్టాలి. గాయానికైతే ఎంత నీళ్ళు కలపాలో, ఇంటికైతే ఎంత కలపాలో ఆ సీసా మీదే వేరువేరుగా రాసి ఉంటుంది. గాయానికి కలిపింది చీము నిరోధకం, బక్కెట్లో కలిపింది రెండోది. పంతులుగారూ, శుద్ధి విషయంలో మీ మాటే సరైనది. "నేల, సామాన్ల క్రిమినాశిని" అందాం. కొంచెం పొడుగే గానీ ఎక్కడ వాడాలో పేరులోనే ఉంది. పురుగుల మందు అన్న అనుమానం వచ్చినా అక్కడ నష్టం లేదు, ఎవరూ ఒంటికి పూసుకోరు.

స్పందన (అక్కయ్యపాలెం నుంచి):
"99.9 శాతం క్రిములను చంపుతుంది" అని రాస్తారు కదా, అది నాశనం కాదా? ఎందుకు సంహారం అనకూడదు?

నా జవాబు:
పది లక్షల బ్యాక్టీరియా ఉన్నచోట 99.9 శాతం పోతే ఇంకా వెయ్యి మిగులుతాయండి. పైగా అన్నీ ఒకలా లొంగవు. కొవ్వు పొర ఉన్న కరోనా లాంటి వైరస్ సబ్బుకే విచ్చిపోతుంది. ఆ పొర లేని నోరోవైరస్ ఆల్కహాల్‌కు అంత తేలిగ్గా లొంగదు. ధనుర్వాతం తెచ్చే బ్యాక్టీరియా గట్టి పెంకులాంటి స్పోర్లుగా మారి మట్టిలో ఉంటుంది, వాటిని స్పిరిట్ ఏమీ చేయలేదు. తుప్పు మేకు దిగితే స్పిరిట్ రాసుకుని ఊరుకోకుండా టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టర్‌ని అడగమనేది అందుకే. స్పోర్లతో సహా అన్నీ చావాలంటే ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి మీద ఆవిరి పట్టించే పాత్రలో) 121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉంచాలి. సంహారం అనే పెద్ద మాట దానికి దాచిపెడదాం.

స్పందన (భీమిలి, ప్రశ్న వేసిన టీచర్‌ని):
అందరికీ ధన్యవాదాలండీ. అయితే రెండు చీటీలూ ఇలా రాస్తున్నాను. పెట్టెలో: "చీము నిరోధకం. గాయానికి మాత్రమే. తాగకూడదు." అలమరలో: "నేల, సామాన్ల క్రిమినాశిని. ఒంటికి తగలనివ్వొద్దు." ఇంకేమైనా చేర్చాలా?

నా జవాబు:
రెండో దాని మీద ఇంకో రెండు ముక్కలు చేర్చండి. "ముందు మట్టి, మురికి కడిగాకే వాడాలి." బురద మీద బ్లీచింగ్ జల్లితే క్లోరిన్ అంతా ఆ బురదతోనే ఖర్చయిపోతుంది, క్రిముల దాకా రాదు. రెండోది "యాసిడ్‌తో కలపొద్దు." మరుగుదొడ్డి కడిగే యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరాడదు. ఇది మాత్రం ఎర్ర అక్షరాలతో రాయండి టీచర్‌గారూ.