"నమస్తే చెప్పు" అంటేనే నమస్తే: ప్రాంప్ట్ (పక్కనుంచి అందించే సాయం) మాన్పించేదెలా?

బాబుకి ఆరేళ్లు, ఆటిజం. రెండు మూడు పదాల వాక్యాలు మాట్లాడతాడు. ఇంటికి ఎవరొచ్చినా పక్కనుంచి "నమస్తే చెప్పు" అంటేనే పలకరిస్తాడు. ఒక్కోసారి "నమస్తే చెప్పు" అని మొత్తం అప్పజెప్పేస్తాడు! అనకపోతే వచ్చినవాళ్లను వదిలేసి అమ్మ మొహంలోకి చూస్తూ నిలబడతాడు. అంటే వాడికి గుర్తు అతిథి కాదు, అమ్మ గొంతు.

అందుకే మాటసాయం ఆపేశాం. ఒకరు వెనక నిలబడి, మోచేతులు పట్టి చేతులు జోడింపజేస్తారు. కొన్నాళ్లకు మోచేతిని తాకి వదిలేయడం, ఆపైన వాడే చేస్తాడేమోనని 3 సెకన్లు ఆగి చూడడం. పలకరించగానే బుడగలు ఊదేది అతిథే. బహుమతి అమ్మ చేతిలో ఉంటే చూపు మళ్లీ అటే పోతుంది. కళ్లలోకి చూడమని బలవంతపెట్టం.

తాతయ్య, పిన్ని దగ్గర బాగానే ఉంది. లిఫ్టులో కొత్తవాళ్లు కనిపిస్తే మళ్లీ మొదటికే. ఇంకో చిక్కు: పిన్ని వంటింట్లోకి వెళ్లొస్తే మళ్లీ నమస్తే పెడతాడు.

వరుసగా ఎన్నిసార్లు సరిగ్గా చేశాక 3 సెకన్లను 5 చేయాలి? "ఇందాకే పలకరించాం" అనేది బొమ్మల కార్డుతో నేర్పినవాళ్లుంటే, కార్డు మీద ఏం గీశారు? బుడగలు ఏ దశలో తగ్గించారు? సాధన కోసం వాచ్‌మన్‌ను, పక్కింటివాళ్లను ఏమని అడిగారో కూడా చెప్పండి.