వెనుక బ్రేకు పిస్టన్ లోపలికి పోవడం లేదు, దయచేసి త్వరగా చెప్పండి

ఎడిసన్‌వాసి:
పొద్దున మొదలుపెట్టాను, ఇప్పుడు చీకటి పడుతోంది. హోండా సీఆర్‌వీకి వెనుక బ్రేకు ప్యాడ్లు, అవి నొక్కి పట్టే రోటర్ పళ్లాలు మారుస్తున్నాను. ప్యాడ్లను నెట్టే పిస్టన్ ఉన్న ఎడమ కాలిపర్ విప్పాను. పాత ప్యాడ్లు అరిగి అరిగి రేకు దాకా వచ్చాయి, రోటర్ మీద గీతలు పడ్డాయి. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్‌ను వెనక్కి నెట్టాలి. సీ క్లాంప్ అనే బిగింపు పనిముట్టు పెట్టి ఒళ్లంతా బలం చేసుకుని బిగించినా వెంట్రుకవాసి కదలడం లేదు. పైగా రోటర్ చక్రం మధ్యలోని హబ్‌కు అతుక్కుపోయింది. దాన్ని పట్టి ఉంచే రెండు స్క్రూలలో ఒకదాని తల చెడిపోయింది. హ్యాండ్ బ్రేకు తీసే ఉంచాను. ముందు చక్రాలకు ఇదే పని నేనే చేసుకున్నాను, ఏ ఇబ్బందీ రాలేదు. వీడియోల్లో ప్రతివాడూ అర నిమిషంలో నెట్టేస్తున్నాడు. రేపు పిల్లల్ని బడికి దింపాలి, ఇంట్లో ఉన్నది ఈ ఒక్క బండే. కాలిపర్ పోయిందా? కొత్తది కొనాలా?

ఆటోనగర్ బాబాయి:
నెట్టకు. తిప్పు.

ఎడిసన్‌వాసి:
ఏం తిప్పాలండీ? ఎటు?

ఆటోనగర్ బాబాయి:
పిస్టన్ ముఖం మీద గాట్లుంటాయి. వాటిలో పనిముట్టు పెట్టి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. వెనుక బ్రేకులు ముందువాటిలా ఉండవు.

కెమిస్ట్రీ మాస్టారు:
పిస్టన్ సంగతి అలా ఉంచి, పెడల్ ఒత్తిడిని పిస్టన్‌కు చేర్చే బ్రేకు ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో చెప్పండి. ఎవరూ పట్టించుకోని విషయం ఇదే. గ్లైకాల్ ఆధారిత ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఇవే 230, 155. పొడవాటి దిగుడు రోడ్డు మీద బ్రేకు నొక్కి పట్టి వస్తుంటే వేడికి లోపలి తేమ ఆవిరవుతుంది. ఆవిరి నలుగుతుంది గాని ఒత్తిడిని మోయదు, పెడల్ నేలకు అంటుకుంటుంది. ప్యాడ్లకు వందల డాలర్లు పెట్టేవారు సీసాడు ఫ్లూయిడ్‌కు వెనకాడటం నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఇంకో మాట, డాట్ 5 అనేది సిలికాన్. అంకె పెద్దదని దాన్ని తెచ్చి వీటిలో కలపకండి.

ఎడిసన్‌వాసి:
మాస్టారూ, అది తరువాత చూస్తాను. ముందు ఈ పిస్టన్ కదలాలి. బాబాయి గారూ, గాట్లు లేవు. ముఖం గిన్నెలా నున్నగా ఉంది. పట్టుకుని తిప్పితే చుట్టూ ఉన్న రబ్బరు ముడత పడుతోంది.

పాత బండి ప్రేమికుడు:
రోటర్ రాకపోవడానికి కారణం నేను చెబుతాను. వెనుక రోటర్ మధ్యలో డ్రమ్ము ఉంటుంది, అందులో హ్యాండ్ బ్రేకు షూలు, అంటే డ్రమ్ము లోపలి గోడకు ఒత్తుకునే ముక్కలు, ఉంటాయి. అవి డ్రమ్ము అంచుకు పట్టుకుంటే రోటర్ బయటికి రాదు. రోటర్ మీద చిన్న రబ్బరు మూత ఉంటుంది చూడండి. అది తీసి, స్క్రూడ్రైవర్‌తో లోపలి పళ్ల చక్రాన్ని తిప్పి షూలను వదులు చేయండి. మా పాత బండికి ప్రతిసారీ ఇలాగే చేస్తాను.

ఎడిసన్‌వాసి:
రబ్బరు మూత ఎక్కడా లేదు. బండి చుట్టూ తిరిగి తిరిగి నా కాళ్లు పడిపోతున్నాయి.

సుజాత, మిషిగన్:
అందరూ ఒక్క క్షణం ఆగండి. ఇది ఏ సంవత్సరం బండి? పార్కింగ్ బ్రేకు లాగే లివరా, నొక్కే బటనా? కాలిపర్ వెనుక నల్లటి ప్లాస్టిక్ మోటారు, దానికొక వైరు ఉన్నాయా? ఈ మూడూ తెలియకుండా ఎవరు ఏం చెప్పినా అది వేరే బండికి వైద్యం.

ఎడిసన్‌వాసి:
2018. బటన్. అవును, వైరు ఉంది. హ్యాండ్ బ్రేకు తీశానని మొదటే రాశాను కదండీ.

ఆటోనగర్ బాబాయి:
హ్యాండ్ బ్రేకంటే చేత్తో లాగేది. బటన్ అని ముందే రాస్తే తిప్పమని చెప్పేవాడినే కాదు.

పాత బండి ప్రేమికుడు:
మా ఇంట్లో బటన్ ఉన్నా, లివర్ ఉన్నా, కాలితో తొక్కేదున్నా అన్నిటినీ హ్యాండ్ బ్రేకే అంటాం. ఆయన్ను తప్పుపట్టడం భావ్యం కాదు.

ఆటోనగర్ బాబాయి:
ఇంట్లో ఏమన్నా ఫరవాలేదు. కాలిపర్ విప్పేటప్పుడు తేడా తెలియాలి. ఇక్కడ మన దేశంలో క్రెటా, సెల్టోస్ కార్లు బటన్‌తో వస్తున్నాయి. మోటారు ఉందో లేదో చూడకుండా కుర్రాళ్లు క్లాంప్ బిగిస్తారు, మోటారు పాడవుతుంది.

సుజాత, మిషిగన్:
ఎడిసన్ గారూ, మీ కాలిపర్ పోయిందని అనుకోవడానికి ఇప్పటివరకు కారణమేమీ లేదు. కొత్తది కొనకండి. లోపల జరుగుతున్నది ఇది. మీ బండిలో పార్కింగ్ బ్రేకును లాగే కేబుల్ లేదు. కాలిపర్ వెనుక మోటారు స్క్రూ లాంటి ఒక మరను తిప్పుతుంది, ఆ మర మీది నట్టు ముందుకు జరిగి పిస్టన్‌ను లోపలి నుంచి నెడుతుంది. మీరు బటన్‌తో బ్రేకు తీసినప్పుడు ఆ నట్టు కొద్దిగానే వెనక్కి వస్తుంది, అరిగిన ప్యాడ్‌ను వదలడానికి కావలసినంత మాత్రమే. మీరు క్లాంప్‌తో నెడుతున్నది పిస్టన్‌ను కాదు, దాని వెనుక అడ్డుగా నిలిచిన ఆ నట్టును. ఎంత బలం పెట్టినా అది రాదు, రాకూడదు కూడా. ఇంకా బిగిస్తే లోపలి పళ్లు దెబ్బతింటాయి.

మోటారు ఆ నట్టును చివరి దాకా వెనక్కి తీసుకెళ్లాలంటే బండిని మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టాలి. ఆ సదుపాయమున్న స్కానర్‌తో (బండి కంప్యూటర్‌కు తగిలించే పరికరం) గాని, సర్వీస్ మాన్యువల్లోని క్రమం ప్రకారం గాని చేయండి. హోండా తన మాన్యువల్‌ను ఒక్క రోజు చందాకు కూడా ఆన్‌లైన్‌లో ఇస్తుంది. ఎవరో వ్యాఖ్యల్లో రాసిన క్రమాన్ని నమ్మకండి, ఏడాదికీ మోడల్‌కూ తేడాలుంటాయి.

ఆ పని మొదలుపెట్టే ముందు కాలిపర్‌ను పాత ప్యాడ్లతో తిరిగి రోటర్ మీద కూర్చోబెట్టి బోల్టులు బిగించండి. మోటారు వైరు తగిలించే ఉండాలి. కాలిపర్ విప్పి ఉండగా ఎవరైనా పెడల్ తొక్కినా, బటన్ లాగినా పిస్టన్ బయటికి తన్నుకొస్తుంది. అప్పుడు నిజంగానే కొత్త కాలిపర్ కొనాల్సి వస్తుంది. పిల్లల్ని బండిలో ఎక్కనివ్వకండి. ఆ మోడ్‌లో వెనుక చక్రాలకు పార్కింగ్ బ్రేకు ఉండదు కాబట్టి ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కలు పెట్టండి. బండి జాకీ మీద కాదు, స్టాండ్ల మీద ఉండాలి. మీరు స్టాండ్ల మాటే రాయలేదు, నాకు భయంగా ఉంది.

ఎడిసన్‌వాసి:
స్టాండ్లు పెట్టాను.

కొత్త గ్యారేజీ:
స్కానర్ ఎందుకండీ? మోటారు ప్లగ్ తీసి నేరుగా 12 వోల్టుల బ్యాటరీ తీగలు తగిలిస్తే వెనక్కి తిరుగుతుంది.

సుజాత, మిషిగన్:
తిరుగుతుంది. ధ్రువాలు తారుమారైతే ముందుకు తిరుగుతుంది. ఎక్కడ ఆపాలో చెప్పే కంప్యూటర్ మధ్యలో లేదు కాబట్టి చివరకు తగిలాక కూడా లాగుతూనే ఉంటుంది. దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి. ఆ బండిలో పిల్లలు తిరుగుతారు.

కొత్త గ్యారేజీ:
నేను చేశాను, ఏమీ కాలేదు.

ఆటోనగర్ బాబాయి:
స్క్రూ సంగతి ఎవరూ చెప్పలేదు. మామూలు స్క్రూడ్రైవర్ పెట్టకు. సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్, 3వ నంబరు బిట్. తల పూర్తిగా పోయినదాన్ని డ్రిల్లుతో తీసెయ్. రోటర్‌ను గట్టిగా పట్టేవి చక్రం నట్లే, ఆ స్క్రూ లేకపోయినా ఫరవాలేదు.

సుజాత, మిషిగన్:
బాబాయి గారు చెప్పింది అక్షరాలా నిజం. రోటర్ రాకపోవడానికి కారణం షూలు కాదు, మీ బండికి లోపల షూలు లేవు. మీరుండే న్యూజెర్సీలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు వల్ల రోటర్, హబ్ కలిసిన చోట తుప్పు పడుతుంది. హబ్ చుట్టూ తుప్పు వదిలించే నూనె కొట్టి కాసేపు వదిలేయండి. రోటర్ ముఖం మీద మరలున్న రెండు రంధ్రాలుంటే, వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులను మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించండి, రోటర్ దానంతటదే లేచి వస్తుంది. వచ్చాక హబ్ ముఖాన్ని తీగ బ్రష్షుతో మెరిసేలా రుద్దండి. అక్కడ తుప్పు రేణువు మిగిలితే కొత్త రోటర్ ఒరిగి కూర్చుంటుంది, కొన్నాళ్లకు పెడల్ అదురుతుంది. ఈ ఒక్క మెట్టు దాటేసి, రోటర్ నాసిరకమని దుకాణాన్ని తిట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

కొత్త రోటర్ మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడవాలి. కాలిపర్ జారే పిన్నులకు సిలికాన్ గ్రీజే వాడండి, పెట్రోలియం గ్రీజుకు రబ్బరు ఉబ్బుతుంది.

కెమిస్ట్రీ మాస్టారు:
పిస్టన్ వెనక్కి వెళ్లినప్పుడు ఫ్లూయిడ్ పైన డబ్బాలోకి ఎగదన్నుతుంది. మూత తీసి చూస్తూ ఉండండి, పొంగి పెయింట్ మీద పడితే రంగు లేచిపోతుంది. ఎలాగూ మూత తీస్తారు కాబట్టి ఫ్లూయిడ్ రంగు చూసి ఇక్కడ రాయండి.

పాత బండి ప్రేమికుడు:
ఇంతకీ వెనుక ప్యాడ్లు ముందువాటికంటే త్వరగా అరగడం ఏమిటి? మా రోజుల్లో ముందువే మొదట పోయేవి.

సుజాత, మిషిగన్:
ఇప్పటి బండ్లలో బ్రేకు బలాన్ని ముందుకూ వెనక్కూ పంచేది కంప్యూటర్. నెమ్మదిగా ఆపేటప్పుడు ముక్కు దిగకుండా వెనుకకు ఎక్కువ వాటా ఇచ్చే బండ్లున్నాయి. పైగా వెనుక ప్యాడ్లు మొదటి నుంచీ పలుచన. అయితే ఒకే వైపు, అందులోనూ లోపలి ప్యాడ్ మాత్రమే అరిగితే పిన్నులు బిగుసుకున్నాయేమో చూడాలి. ఎడిసన్ గారూ, మీకు రెండు ప్యాడ్లూ సమానంగా అరిగాయా?

ఎడిసన్‌వాసి:
పక్కింటాయన దగ్గర స్కానర్ దొరికింది. మోడ్‌లో పెట్టగానే మోటారు గుర్రుమంది, తరువాత పిస్టన్ చేత్తో నెట్టినంత తేలికగా వెళ్లింది. బోల్టులతో రోటర్ కూడా వచ్చింది. ఎడమ వైపు అయింది, కుడివైపు విప్పుతున్నాను. అందరికీ థాంక్స్.

సుజాత, మిషిగన్:
చాలా సంతోషం. మోడ్ నుంచి బయటికి తెచ్చాక, బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. మొదటి తొక్కుడుకు అది నేల దాకా పోతుంది. చక్రం నట్ల బిగింపు 108 న్యూటన్ మీటర్లు. కుడివైపు లోపలి ప్యాడ్ ఎలా ఉందో చూసి చెప్పండి.

కెమిస్ట్రీ మాస్టారు:
ఫ్లూయిడ్ రంగు రాయలేదు మీరు.