డాక్యుమెంటరీ ఫొటో కోసం "ఒక్కసారి మళ్ళీ అలాగే చేయండి" అని అడగవచ్చా?

కొత్తలెన్సు:
ఎడిటోరియల్ (పత్రికల కోసం తీసే), డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీని వృత్తిగా చేసుకుందామని నేర్చుకుంటున్నాను. ఇప్పుడు బట్టలు కుట్టే ఒకావిడ మీద ఫొటో కథనం చేస్తున్నాను. దారం కొసను పెదాలతో తడిపి మిషన్ సూదిలోకి ఎక్కించే క్షణం నాకు కావాలి. ప్రతిసారీ చేజారుతోంది. "మళ్ళీ ఎక్కించండి" అంటే కాదనరు. మాకు పాఠాలు చెప్పే ఇద్దరిలో ఒకరు అడిగితే తప్పేం లేదంటారు. ఇంకొకరు, అడిగిన మరుక్షణం అది డాక్యుమెంటరీ కాకుండా పోతుందంటారు. ఈ పనిలో ఉన్నవాళ్ళు మీరేమంటారు?

చీకటిగది:
నిక్షేపంగా అడగండి. ఆవిడ రోజూ చేసే పనే చేయమంటున్నారు కదా. పత్రికకు పనిచేసేటప్పుడు చాలాసార్లు మనకు దొరికేది అరగంటే. పేజీ మీద నిలబడే ఫొటో లేకుండా తిరిగొస్తే ఎడిటర్ మళ్ళీ పిలవరు. పెద్దవాళ్ళూ చేశారు. 1936లో ఫొటోగ్రాఫర్ ఆర్థర్ రాత్‌స్టీన్ అమెరికాలోని దక్షిణ డకోటాలో బీటలు వారిన నేల మీద పడున్న ఎద్దు పుర్రెను కొన్ని అడుగులు జరిపి మళ్ళీ తీశాడు. అంతమాత్రాన అక్కడి కరువు అబద్ధమైపోయిందా?

పాతరీలు:
చీకటిగది గారూ, ఆ పుర్రె కథ అక్కడితో ఆగలేదు. అది ఎన్నికల సంవత్సరం. రాత్‌స్టీన్ పనిచేసింది ప్రభుత్వ సంస్థకు. సంగతి బయటపడగానే అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అంటే గిట్టని పత్రికలు దాన్ని పట్టుకుని, కరువు ఫొటోలన్నీ బూటకమేనన్నట్టు గోల చేశాయి. కరువు నిజం కాబట్టే నాకు బాధ. ఒక్క పుర్రెను జరిపినందుకు, వేలు పెట్టని ఫొటోలు కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఎడిటోరియల్ పోర్ట్రెయిట్ వేరు. కూర్చోమనడం, లైటు పెట్టడం, ఎటు చూడాలో చెప్పడం అన్నీ అక్కడ పనిలో భాగమే, చూసేవాళ్ళకూ ఆ సంగతి తెలుసు. కథనంలో మాత్రం, ఇది జరుగుతుంటే నేను చూశానని పాఠకుడికి మాట ఇస్తున్నాం. అమెరికాలోని నేషనల్ ప్రెస్ ఫొటోగ్రాఫర్స్ అసోసియేషన్ నియమావళి కూడా, ఫొటో తీసేటప్పుడు జరుగుతున్నదాన్ని కావాలని మార్చవద్దనే చెబుతుంది.

నియమం సంగతి అలా ఉంచండి, ముందు ఫొటోయే పాడవుతుంది. ఆవిడను మళ్ళీ ఎక్కించమని అడిగారనుకోండి. బల్ల మీది గుడ్డముక్కలు పక్కకు తోసేస్తారు. నడుం నిటారు చేసుకుంటారు. కళ్ళు చికిలించి బెజ్జం వైపు చూడాల్సినవాళ్ళు, మీకు కనిపించాలని చెయ్యి కాస్త పక్కకు పెట్టి నెమ్మదిగా ఎక్కిస్తారు. మీరు ఎదురుచూసింది ఆ చికిలింపు కోసమే కదా. అదే ఉండదు.

కొత్తలెన్సు గారూ, నేర్చుకునే దశలో అడగడం అలవాటైతే ఇంకా పెద్ద నష్టం ఉంది. కనిపెట్టుకుని ఉండడం రాదు. దారం ఎప్పుడు మారుతుందో ముందే తెలుస్తుంది, ఆవిడ పక్కన పెట్టుకున్న బట్టలు చూడండి. చేతిలో ఉన్నది నీలం, తర్వాతది ఎరుపు అయితే ఈ కుట్టు ముగియగానే దారం మారుస్తారు. ఆలోపే కిటికీ వెలుగు ముఖం మీద పడే వైపుకు చేరి, మౌనంగా కూర్చోండి. ఫోకస్ సూది దగ్గర పెట్టుకోండి. షట్టర్ వేగం సెకనులో 1/250కి తగ్గనివ్వకండి, చెయ్యి కదిలినా బొమ్మ చెదరదు. రీలు అందుకున్నప్పటి నుంచి దారం బెజ్జంలో దూరేదాకా ఆపకుండా తీయండి. తీసిన వరుసంతా దాచండి, ఒక్కటీ చెరపొద్దు. పెద్ద పోటీల్లో అనుమానం వస్తే అసలు ఫైలుతో పాటు ముందూ వెనకా ఫ్రేములు కూడా అడుగుతారు. అవి చేతిలో ఉంటే టెన్షన్ ఉండదు.

వెలుగురేఖ:
ఇద్దరూ ఫొటోగ్రాఫర్ వైపు నుంచే మాట్లాడుతున్నారు. ఎదుటి మనిషి సంగతేంటి? జపాన్‌లోని మినమాటలో, తల్లి కడుపులో ఉండగానే పాదరసం విషం సోకిన టొమోకో అనే అమ్మాయికి వాళ్ళమ్మ స్నానం చేయిస్తున్న ఫొటోను అమెరికా ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ 1971లో తీశాడు. అది అనుకోకుండా దొరికిన క్షణం కాదు. తల్లితో మాట్లాడి, ఆమె ఒప్పుకున్నాక కుదుర్చుకున్నది. అయినా దాన్ని అబద్ధమనడానికి నాకు నోరు రాదు. టొమోకో 1977లో చనిపోయింది. ఇక బిడ్డను విశ్రాంతి తీసుకోనివ్వండని తల్లిదండ్రులు కోరడంతో, ఫొటో హక్కులున్న, అప్పట్లో ఆయన భార్యగా అక్కడ కలిసి పనిచేసిన ఐలీన్ స్మిత్ 1990ల చివర్లో ఆ ఫొటోను కొత్తగా ఎవరికీ ఇవ్వకుండా ఆపేశారు. ఏం చూపించాలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని తీసినదాన్నీ, టైం చాలక చేయించినదాన్నీ ఒకే గాటన కట్టకండి.

పాతరీలు:
ఈ మాట కొట్టిపారేయలేను. కానీ స్మిత్ దంపతులు మినమాటలోనే ఏళ్ళ తరబడి కాపురముండి పనిచేశారు. ఆ చనువు లేకుండా ఆ వెసులుబాటు ఒక్కటే తీసుకోవడం కుదరదు. ఒకవేళ కలిసి ఏర్పాటు చేసుకుంటే కేప్షన్‌లో ఆ ముక్క రాసి తీరాలి. 2015లో బెల్జియంలోని షార్లెరోయ్ పట్టణం మీద ఇటలీ ఫొటోగ్రాఫర్ జొవాన్ని ట్రోయిలో చేసిన కథనానికి, వార్తా ఫొటోల అంతర్జాతీయ పోటీ అయిన వరల్డ్ ప్రెస్ ఫొటో బహుమతి వచ్చింది. కొన్ని దృశ్యాలు ఏర్పాటు చేసినవని పెద్ద గొడవే అయినా, మొదట బహుమతి నిలిచింది. అందులో ఒక ఫొటో తీసింది షార్లెరోయ్‌లో కాదు, బ్రసెల్స్‌లో అని తేలాకే వెనక్కి తీసుకున్నారు.

చీకటిగది:
కేప్షన్ సంగతి ఒప్పుకుంటాను. "ఫొటో కోసం దారం ఎక్కించి చూపిస్తున్న దర్జీ" అని రాసి పంపడానికి నాకేం అభ్యంతరం లేదు. అలా రాశాక కూడా కథనంలో పెట్టకూడదంటే మాత్రం ఒప్పుకోను. తొమ్మిది చూసి తీసినవి, ఒకటి అడిగి తీసినది, దేనికది చెప్పి వేస్తే పాఠకుడికి జరిగే అన్యాయం ఏమిటి?

కొత్తలెన్సు:
తర్వాతి బట్ట రంగు చూడాలని నాకు తట్టనే లేదు, ఆ పద్ధతిలోనే కాపు కాస్తాను. ఇంకో చిక్కుంది. ఇంతవరకు తీసినవి చూపిస్తే ఆవిడ, "బల్ల మీద ఆ గుడ్డపేలికలేంటి, అన్నీ సర్దుకుంటాను, అప్పుడు తియ్యి" అన్నారు. నేను అడగలేదు, ఆవిడే కోరుతున్నారు. పాతరీలు గారూ, వెలుగురేఖ గారూ, ఆ ఫొటోను మీరైతే కథనంలో పెడతారా, పోర్ట్రెయిట్‌గా విడిగా పంపుతారా?