వరి మడిలో ఈ తుంగ ఏంది? యాప్ విదేశీ మొక్క అంటున్నది

మిర్యాల_వరి:
అన్నా, మాది మిర్యాలగూడ దిక్కు, సాగర్ ఎడమ కాలువ కింద వెదజల్లిన వరి. నీళ్లు నిలిచే మూలల్లో తుంగ లాంటిది గుంపులు గుంపులు లేచింది, మూరెడు ఎత్తున్నది, కాడను వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తెలుస్తున్నయ్, కొసకు గుండ్రటి ముద్దలు. పీకితే ఊకెనే వస్తున్నది, కింద గడ్డలు లేవు. యాప్‌ల ఫొటో పెడితే సైపెరస్ డిఫార్మిస్, బయటి దేశపు ఏకవార్షికం (ఒక్క ఏడాదిలోనే బతుకు ముగిసే మొక్క) అని చూపిస్తున్నది. గుర్రపుడెక్క తీరు చెరువులు కూడ నింపుతదా?

గట్టుమొక్కలు:
పేరు కరెక్టే అనిపిస్తున్నది తమ్మీ, గడ్డలు లేవంటే మామూలు తుంగ కాదు. కానీ బయటిది మాత్రం కాదు. ఇది ఆసియా, ఆఫ్రికా దిక్కు మొక్కనే, మొక్కలకు శాస్త్రీయ పేర్లు పెట్టిన లిన్నేయస్ 1756లనే దీనికి పేరు పెట్టిండు. విదేశీ అనేది అమెరికాల, కాలిఫోర్నియా వరి మడుల్ల ఇది పెద్ద తలనొప్పి, యాప్ అక్కడి మాటనే మనకు చూపిస్తున్నట్టుంది. గుర్రపుడెక్క అయితే నిజంగ దక్షిణ అమెరికా నుంచి వచ్చింది, అది నీళ్ల మీద తేలేది, ఇది బురదల వేరు పట్టేది, రెండిటికి పోలిక లేదు.

పాలమూరు_పొలం:
ఒక్కసారి ముద్దలు దగ్గరికి పెట్టి చూడు బ్రో. సన్న కంకులు ఒకదాన్నొకటి ఒత్తుకొని బంతుల్లెక్క గట్టిగ ఉంటే డిఫార్మిసే. కంకులు వదులుగ, పసుపు రంగుల, విడివిడిగ కనిపిస్తే అది సైపెరస్ ఐరియా, అదీ ఏకవార్షికమే, రెండూ ఒకే మడిల కలిసి లేస్తయ్. పువ్వు రాకముందు పోల్చుడు మస్తు కష్టం.

మిర్యాల_వరి:
ఇప్పుడే చూసిన అన్నా, బంతులే, ఒత్తుగ ఉన్నయ్, అంచు ఆకుపచ్చ, నడుమ ముదురు గోధుమ. మరి మందు కొట్టాల్నా?

గట్టుమొక్కలు:
గుంపులు కొన్నే ఉంటే ముందు చేత్తో పీకు, అదీ గింజ రాలకముందే. మొలిచిన నెల రోజులకే పూతకు వచ్చే మొక్క ఇది, ఒక్కో మొక్క వేలల్ల గింజలు రాలుస్తది, ఈసారి వదిలేస్తే వచ్చే పంటకు మడంతా అదే. ప్రతిసారీ ఒకే మందు కొట్టకు, కాలిఫోర్నియాల 1993లనే బెన్‌సల్ఫ్యూరాన్ అనే కలుపు మందుకు లొంగని డిఫార్మిస్ బయటపడ్డది. డోసు మీ మండల వ్యవసాయ అధికారిని అడిగి వాడు, పీకిన కట్టలు మాత్రం కాలువల పడేయకు.