అప్‌డేట్: ‘వార్డ్‌రోబ్’ అంటే బీరువా ఒక్కటే కాదు
ఇంగ్లండు చరిత్రను అనువదిస్తూ, ‘రాజుగారి వార్డ్‌రోబ్ సైన్యానికి జీతాలిచ్చింది’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయి, బీరువా జీతాలివ్వడమేమిటని మిమ్మల్ని అడిగాను. చిక్కుముడి వీడింది. ఫ్రెంచి మూలంలో ఆ మాటకు వస్త్రాలను భద్రపరిచే చోటు అని అర్థం. రాజవస్త్రాలతో పాటు నగలు, నాణేలు కూడా అక్కడే దాచడంతో 13వ శతాబ్దానికి అది రాజు వెంట కదిలే ఖజానా అయింది. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ యుద్ధాల ఖర్చు దాని ద్వారానే నడిచింది. ఒక మాటకు ఎంత చక్కని ప్రయాణం! రాజవస్త్రాలు దాచిన లండన్‌లోని గ్రేట్ వార్డ్‌రోబ్ భవనం 1666 అగ్నిప్రమాదంలో కాలిపోయినా, దగ్గరలోని సెయింట్ ఆండ్రూ చర్చి పేరులో ఆ మాట ఇంకా ఉంది.

‘బీరువా’ కొట్టేసి ‘రాజుగారి సొంత ఖజానా’ అని రాశాను. రాణి వార్డ్‌రోబ్‌ను వర్ణించినచోట మాత్రం ‘దుస్తులు’ అన్నాను. ‘అలమర’ సూచించినవారికి కృతజ్ఞతలు. పోర్చుగీసు నుంచి వచ్చిన ఆ మాటను చెక్క సామాను ప్రస్తావనలో వాడుతున్నాను.