మీఫెంగ్, ఫెంగ్‌మీ: చైనీస్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే పిల్లలకి మాట కట్టుబడి ఎలా తెలుస్తుంది?

చైనీస్‌లో ‘మీ’ అంటే తేనె, ‘ఫెంగ్’ అంటే కుట్టే ఈగ. మీఫెంగ్ అంటే తేనెటీగ. తిరగేసి ఫెంగ్‌మీ అంటే ఆ ఈగ పెట్టే తేనె. అలాగే ‘న్యో’ ఆవు, ‘నాయ్’ పాలు. న్యోనాయ్ ఆవుపాలు, నాయ్‌న్యో పాడియావు. ముక్కలు అవే, వరస మారితే వస్తువే మారిపోయింది. ఇలాంటి పేర్లలో అసలు వస్తువు చివర ఉంటుంది, అది ఎలాంటిదో చెప్పే ముక్క ముందు వస్తుంది. మన ఆవుపాలు, పాలకోవ కూడా అంతే. మాటని ఇలా ముక్కలుగా చూడగలగడాన్నే పదనిర్మాణ స్పృహ అంటారు.

చైనీస్ పిల్లలకి ఇది మరీ అవసరం. స్వరభేదాలు (ఒకే పలుకుని గొంతు ఎత్తి, దించి పలికే తేడాలు) వదిలేస్తే, ప్రామాణిక చైనీస్ అయిన మాండరిన్‌లో ఉన్న అక్షరోచ్చారణలు సుమారు 400. అందుకే ఒకే పలుకు ఎన్నో అర్థాల్లో వినిపిస్తుంది. హోంగ్‌హ్వా ఎర్రపువ్వు, హ్వాయువాన్ పూలతోట, హ్వాచ్యెన్ మాత్రం డబ్బు ఖర్చుపెట్టడం. మూడింట్లోనూ ‘హ్వా’ ఒకేలా పలుకుతుంది, రాసే గుర్తు కూడా ఒకటే. వీటిలో వేరే హ్వా ఏదో చెప్పమనడం ఒక మంచి పరీక్ష. మన పిల్లల్ని పాలకోవ, పాలపొడి, పాలుపంచుకోవడం అనే మూడింట్లో వేరే ‘పాలు’ ఏదని అడిగినట్టు.

2003లో పరిశోధకురాలు కేథరీన్ మెక్‌బ్రైడ్ బృందం హాంగ్‌కాంగ్‌లో కిండర్‌గార్టెన్, రెండో తరగతి పిల్లల మీద చేసిన పరిశోధన ప్రచురించింది. పిల్లలకి ఎన్ని మాటలు వచ్చు, ధ్వనుల్ని ఎంత బాగా విడదీయగలరు అనేవి లెక్కలోకి తీసుకున్నాక కూడా, చైనీస్ గుర్తులు చదవడంలో ఈ పదనిర్మాణ స్పృహకి విడిగా పాత్ర ఉందని తేలింది.

వ్యాఖ్య: బాగుందండీ. కానీ ఇంగ్లీషులో సమాసాలకన్నా ప్రత్యయాల గొడవే ఎక్కువ కదా? ఆ పిల్లలకి చైనీస్ నేర్పిన తెలివి అక్కడేం పనికొస్తుంది?

జవాబు: అసలు కీలకం అక్కడే ఉందండీ. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు పిల్లలకి పిట్టలాంటి ఒక బొమ్మ చూపించి, ‘ఇది వగ్. ఇప్పుడు ఇంకోటి వచ్చింది. రెండు...?’ అని ఆపేసింది. ఎప్పుడూ వినని మాటకి కూడా పిల్లలు ‘వగ్స్’ అని బహువచనం కట్టేశారు. చైనీస్‌లో పిట్టకి అలాంటి బహువచనమే లేదు. రెండు పిట్టలనాలంటే అంకె, లెక్క మాట (లెక్కపెట్టేటప్పుడు అంకెకీ పేరుకీ మధ్య వాడే మాట), పిట్ట పేరు వరసగా పెడతారు, పేరు మారదు. కాబట్టి ఆ ‘స్’ సంగతి ఇంగ్లీషు వింటూనే నేర్చుకోవాలి. మ్యాజిక్‌ని మెజీషియన్ చేసే ప్రత్యయమూ అంతే. పైగా అక్కడ ‘క్’ కాస్తా ‘ష్’ అయి, లోపలి ముక్క గుర్తుపట్టడమే కష్టం.

సమాసాల కథ వేరు. గడ్డిలో ఉండే తేనెటీగని ‘గ్రాస్ బీ’ అనాలా ‘బీ గ్రాస్’ అనాలా అంటే, జవాబు చెప్పే సూత్రం రెండు భాషల్లోనూ ఒకటే. అమెరికాలోని చైనీస్-ఇంగ్లీషు పిల్లల మీద పరిశోధకురాలు మిన్ వాంగ్ బృందం 2006లో ప్రచురించిన పనిలో, ఇంగ్లీషు సమాసాల మీద పిల్లలకున్న పట్టుకి వాళ్ల చైనీస్ చదువుతో సంబంధం కనిపించింది. నాకు బాగా నచ్చింది ఇదే. ఇంట్లో భాష బడి భాషకి అడ్డమని భయపడతాం కదా, ఇక్కడ బడి భాషలో ఉన్న తెలివి ఇంటి భాష చదువుతో ముడిపడి ఉంది. రెండింట్లోనూ ఉన్న పద్ధతికి ఒకదాని ఆసరా ఇంకోదానికి దొరుకుతుంది, ఒకదాంట్లోనే ఉన్నదానికి ఆ భాషే గతి. పిల్లలు కన్ఫ్యూజ్ అవుతారని ఒక భాష మాన్పించేవాళ్లు దీన్ని ఒకసారి ఆలోచించాలి.

వ్యాఖ్య: మేం అమెరికాలో ఉంటాం. మా పాపకి తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చు. ఇదంతా మాకూ వర్తిస్తుందంటారా?

జవాబు: చైనీస్ ఫలితాల్ని ఎత్తి తెలుగుకి అతికించకూడదు, అమ్మా. చైనీస్ సమాసంలో ముక్క రూపం చెడదు. మనకి ఇల్లు ‘ఇంటి’ అవుతుంది, కన్ను ‘కంటి’ అవుతుంది, కాగితం ‘కాగితపు’ అవుతుంది. ఇంటిపనిలో ఇల్లు ఉందని పాప పోల్చుకోవాలి. ప్రత్యయాల బరువు కూడా మనకి ఎక్కువే. అయినా పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. ఇంట్లో మొలిచిన చెట్టునేమంటావు, చెట్టు మీద కట్టిన ఇంటినేమంటావు అని అడగండి. ఇంటిచెట్టు, చెట్టిల్లు అంటే రెండూ వచ్చినట్టే. మొదటిదానికి ‘ఇల్లుచెట్టు’ అంటే వరస వచ్చింది, రూపం ఇంకా రావాలి. ఆ రెండూ వేర్వేరు మెట్లు, ‘తప్పు’ అని ఒకే దెబ్బన కొట్టేయకండి.